గంజాంకీ విశాఖపట్నానికీ మధ్యలో మా ఓటు

మా పాతపట్నానికి ఒకప్పుడు సొంతంగా పార్లమెంటు సీటు ఉండేదంటే మా ఊళ్ళోనే చాలామంది నమ్మరు. ఇప్పుడు మాకున్నది అసెంబ్లీ సీటు, పార్లమెంటుకి శ్రీకాకుళం కింద ఓటేస్తాం. కానీ 1952లో, దేశానికి మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, మద్రాసు రాష్ట్రంలో పాతపట్నం పేరుతోనే ఒక లోక్‌సభ నియోజకవర్గం ఉంది. అక్కడ గెలిచి నెహ్రూ గారి కేబినెట్‌లో కార్మిక మంత్రి అయినాయన వరాహగిరి వెంకటగిరి. తర్వాత రోజుల్లో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారే. ఒక్క ఎన్నిక జరిగింది, ఆ సీటు పోయింది. 1957 నాటికి మ్యాపులో ఆ పేరు లేదు.

నేను శ్రీకాకుళంలో గ్రూప్స్ పిల్లలకి పాలిటీ చెబుతాను. మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు, 1919 చట్టం, ద్వంద్వ పాలన, 1935 చట్టం అంటూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు పిల్లలు. 1919 చట్టం వల్ల ఢిల్లీలో ఏర్పడిన సభలో మన పలాస, మన బొబ్బిలి, మన సాలూరు తరఫున కూర్చున్నదెవరో పుస్తకంలో ఉండదు. బిట్లలో రాదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం అది వదల్లేదు. ఆ సభ పేరు సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీ. దాని పాత చర్చలు ఇప్పుడు స్కాన్ చేసి నెట్లో పెట్టారు. ఖాళీ దొరికినప్పుడల్లా అవి తిరగేస్తూ ఉంటాను.

ఆ పేజీల్లో ఒక పద్ధతి ఉంది. మాట్లాడడానికి లేచిన సభ్యుడి పేరు అచ్చువేసి, దాని పక్కనే బ్రాకెట్లో ఆయన నియోజకవర్గం వేస్తారు. మన సభ్యుడి పక్కన ఉండేది ‘గంజాం కమ్ వైజాగపటం: నాన్ మహమ్మడన్ రూరల్’. గంజాం, విశాఖపట్నం రెండు జిల్లాలూ కలిపి, ముస్లిమేతరులకి, గ్రామీణ సీటు అన్నమాట. 1909 నుంచీ ముస్లింలకి వేరే ఓటర్ల జాబితా, వేరే సీట్లు కాబట్టి ఆ తోక. ఎనభై, వంద ఏళ్ళ కిందటి ఢిల్లీ చర్చలో మన పేరు అలా కనబడితే మనసు ఒక్కసారి ఉప్పొంగుతుంది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, ఈయనకి ఓటేసింది ఎవరు అని.

ముందు ఆ సీటు ఎంతుండేదో చూడండి. అప్పటి గంజాం జిల్లా చిలికా సరస్సు ఒడ్డున మొదలై బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మీదుగా శ్రీకాకుళం దాకా వచ్చేది. చికాకోల్ అని రాసేవాళ్ళు మన శ్రీకాకుళాన్ని. అక్కణ్ణుంచి విశాఖపట్నం జిల్లా. పాలకొండ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, అనకాపల్లి దాటి తాండవ నది దాకా. లోపల జయపురం సంస్థానమూ అందులోదే. ఇప్పటి లెక్కలో చూస్తే రెండు రాష్ట్రాల్లో బోలెడు జిల్లాలు. దీనంతటికీ ఢిల్లీలో ఒక్క కుర్చీ. 145 మంది సభలో ఎన్నికైనవాళ్ళు 104 మంది, అందులో మద్రాసు రాష్ట్రం వాటా 16. ఆ పదహారులో ఒకటి మనది.

ఓటు హక్కు శిస్తునీ పన్నునీ బట్టి. భూమి శిస్తు బాగా కట్టేవాడు, ఆదాయపు పన్ను కట్టేవాడు, అలాంటివాళ్ళకే. 1934 ఎన్నికల నాటికి కూడా బ్రిటిషిండియా మొత్తమ్మీద ఈ సభకి ఓటర్లు 14 లక్షల చిల్లర. ఇవాళ మన శ్రీకాకుళం ఒక్క లోక్‌సభ సీటులోనే అంతకంటే ఎక్కువమంది ఓటర్లున్నారు. మన రెండు జిల్లాల్లో సగానికి సగం జమీందారీలు. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, కురుపాం, జయపురం. రైతు జమీందారుకి కట్టుకుంటాడు, కూలివాడికి కట్టడానికేమీ లేదు. మా తాతల తరంలో మా ఇంట్లో ఎవరికీ ఓటు లేదు. మా వీధిలోనూ ఉన్నట్టు ఎవరూ చెప్పగా వినలేదు.

ఇక కొండల మీద సంగతి వేరే. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని 1839లోనే మామూలు కోర్టుల పరిధిలోంచి తీసేసి కలెక్టరు చేతికిచ్చారు. గవర్నరుకి ఏజెంటుగా ఆయనే అక్కడ న్యాయం, ఆయనే పోలీసు. 1919 చట్టం వాటిని వెనుకబడిన ప్రాంతాలంది. 1935 చట్టం పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలంది. మధ్యలో 1922 నుంచి 1924 దాకా అదే విశాఖ ఏజెన్సీలో అల్లూరి సీతారామరాజు పితూరీ, అంటే తిరుగుబాటు, నడిచింది. ముఠాదారులనే కొండ ఊళ్ళ పెద్దలు, కొండదొర తెగవాళ్ళు, రోడ్డు పనులకి వెట్టిగా తోలబడ్డ మనుషులు అందులో పోరాడారు. చింతపల్లి, కృష్ణదేవిపేట స్టేషన్ల మీద దాడులు జరుగుతున్న ఆ రోజుల్లో ఢిల్లీ సభలో ‘గంజాం కమ్ వైజాగపటం’ కుర్చీ ఖాళీగా ఏమీ లేదు. అందులో బి.వెంకటపతిరాజు గారున్నారు. చదువుకున్న మనిషి, బాగా మాట్లాడే మనిషి. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ఎవరికి జవాబుదారీయో చట్టమే తేల్చేసింది, అంతే.

ఆయన తర్వాత 1920ల చివర్లో ఆ సీటులోకొచ్చినాయన వరాహగిరి వెంకట జోగయ్య పంతులు. బరంపురంలో పేరున్న ప్లీడరు, కాంగ్రెస్ మనిషి. వి.వి.గిరి గారి తండ్రి. 1929 ఏప్రిల్ 8న భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబు వేసింది ఆ సభలోనే. మన సీటు అప్పుడు జోగయ్య గారిది. 1930లో కాంగ్రెస్ ఎన్నికలు బహిష్కరించింది, బి.సీతారామరాజు గారు వచ్చారు. 1934లో కాంగ్రెస్ మళ్ళీ బరిలోకి దిగింది. ఈసారి గిరి గారే గెలిచి, నాలుగేళ్ళ కిందటి దాకా తండ్రి కూర్చున్న కుర్చీలో కూర్చున్నారు.

గిరి గారు బరంపురంలో పుట్టారు, 1894లో. డబ్లిన్‌కి వెళ్ళి లా చదివారు. అక్కడ ఐర్లండు తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయని 1916లో దేశం వదిలి పొమ్మన్నారు. వచ్చాక బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్లో పనిచేశారు. మన పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా పోయే లైను అప్పుడు బి.ఎన్.ఆర్.దే. నియోజకవర్గం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ పట్టాలే. ఓటు లేని గాంగ్‌మన్లు, ఫైర్‌మన్లు ఆయనకి తెలిసినంతగా ఆ సీటులో అంతకుముందు కూర్చున్నవాళ్ళెవరికీ తెలిసుండరని నా నమ్మకం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. దానికి ముందు ఓ’డొనెల్ కమిటీ సరిహద్దు మీద విచారణ చేసింది. ఒరియా వారి తరఫున పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి తరఫున విశాఖపట్నం సి.వి.ఎస్.నరసింహరాజు గారు అందులో సహ సభ్యులు. చివరికి బరంపురం, జయపురం అటు పోయాయి. పర్లాకిమిడి ఊరు అటు, పాతపట్నం ఇటు. గంజాంలో మిగిలిన తెలుగు తాలూకాలని విశాఖపట్నం జిల్లాలో కలిపారు.

మా ఊరు ఎప్పుడూ చూడనివాళ్ళకి ఇది అర్థం కాదు. పాతపట్నం, పర్లాకిమిడి రెండు ఊళ్ళని మనమంటాం కానీ, మధ్యలో ఉన్నది మహేంద్రతనయ, ఆ వంతెన. పొద్దున్నే అట్నుంచి కూరగాయలు ఇటు వస్తాయి, ఇట్నుంచి పిల్లలు అటు ట్యూషన్‌కి పోతారు. నీలమణి దుర్గమ్మ తల్లికి మొక్కు చెల్లించుకోడానికి అటువాళ్ళూ వస్తారు, ఇటువాళ్ళూ వస్తారు. మా పెద్దత్తని పర్లాకిమిడిలోనే ఇచ్చారు. ఆమె ఓటు ఇప్పుడు బరంపురం లోక్‌సభకి, అంటే గిరి గారు పుట్టిన ఊరి సీటుకి. మా నాన్న ఓటు శ్రీకాకుళానికి. ఒక ఇంట్లో పుట్టిన అన్నాచెల్లెళ్ళు! ఈ గీత గీసినవాళ్ళు ఇంటిని చూసి గీయలేదు, భాష లెక్కలు చూసి గీశారు. తప్పా ఒప్పా అని ఇప్పుడు వాదించి లాభం లేదు. కానీ ఒక వింత ఏంటంటే గంజాం ఒరిస్సాకి పోయాక కూడా ఢిల్లీ సభలో మన సీటు పేరు మారలేదు. గిరి గారి తర్వాత వచ్చిన కె.ఎస్.గుప్త గారి పేరు పక్కన కూడా ‘గంజాం కమ్ వైజాగపటం’ అనే ఉంది. మామూలుగా మూడేళ్ళుండాల్సిన ఆ సభని పొడిగించుకుంటూ పోయి 1945 దాకా లాగారు.

గిరి గారు మధ్యలో ఎందుకెళ్ళిపోయారంటే, బొబ్బిలి కోసం.

1937 ఫిబ్రవరిలో మద్రాసు అసెంబ్లీకి ఎన్నికలు జరిగాయి. బొబ్బిలి రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు గారు అప్పుడు సామాన్యుడు కాదు. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాష్ట్రానికే ప్రధాని. అప్పుడు ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్ళు. 1932 నుంచి మధ్యలో కొన్ని నెలలు తప్ప ఆయనే ఆ పదవిలో ఉన్నారు. నిలబడింది సొంత బొబ్బిలిలో. ఓటర్లలో చాలామంది ఆయన జమీందారీ రైతులే. ఆయన మీద కాంగ్రెస్ తరఫున గిరి గారిని దింపారు. ఈసారి ఓటు హక్కు కాస్త విస్తరించింది, కొద్దిపాటి శిస్తు కట్టేవాళ్ళ దాకా, చదువు వచ్చినవాళ్ళ దాకా వచ్చింది. చదవడం రానివాళ్ళ కోసం పెట్టెలకి రంగులు. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. మద్రాసు రాష్ట్రమంతా గాంధీ గారి పేరూ, పసుపు పెట్టె పేరూ మార్మోగిపోయాయి.

ఆ రైతు మనఃస్థితి ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తుంటాను. పన్ను కట్టేది ఆ కోటకే. పొలం తగాదా వస్తే పోయేది ఆ దివాణానికే. కచేరీలో కూర్చున్న గుమాస్తాకి అతని పేరు, అతని తండ్రి పేరు, అతని బాకీ అన్నీ తెలుసు. అలాంటి మనిషి తెర వెనక్కి వెళ్ళి ఒక్క నిమిషం ఒంటరిగా నిలబడ్డాడు. కోట గోడ లోపలికి తొంగిచూడలేని ఒక్క నిమిషం. గిరి గారు గెలిచారు, ప్రధాని తన సొంత గడ్డ మీద ఓడిపోయారు. 215 సీట్ల సభలో కాంగ్రెస్‌కి 159 వచ్చాయి. ఆ జూలైలో రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. బొబ్బిలి అంటే అందరూ 1757 యుద్ధం చెబుతారు, తాండ్ర పాపారాయుడు చెబుతారు. చెప్పుకోవాల్సిందే. కానీ 1937లో బొబ్బిలిలో జరిగింది కూడా అంత పెద్ద సంగతేనని నేను గట్టిగా అంటాను. పైగా అందులో ఒక్క ప్రాణం పోలేదు. రాజా గారు కూడా ఓటమితో కనుమరుగైపోలేదు, తర్వాత రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చింది. జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. శిస్తు లేదు, పన్ను లేదు, ఇరవై ఒక్క ఏళ్ళు నిండితే ఓటు. 1952లో విశాఖపట్నం సీటు నుంచి లోక్‌సభకి వెళ్ళినవాళ్ళలో గాం మల్లుదొర ఒకరు. అల్లూరి దళంలో పోరాడి జైలు పాలైన మల్లుదొరే! పాత సభ ఎవరినైతే మనుషుల్లో లెక్కవేయలేదో ఆ కొండల్లోంచి వచ్చినాయన, ముప్పై ఏళ్ళు తిరక్కుండా పార్లమెంటులో కూర్చున్నాడు. క్లాసులో ఇది చెప్పేటప్పుడు ప్రతిసారీ నా గొంతు కొంచెం పట్టేస్తుంది.

అసలు కథ 1957ది. పాతపట్నం సీటు పోయి, పార్వతీపురం లోక్‌సభ స్థానం వచ్చింది. అది ద్విసభ్య స్థానం. అంటే ఒకే నియోజకవర్గానికి ఇద్దరు ఎంపీలు, ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకి రిజర్వు. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు.

మా అమ్మమ్మది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. ఆ ఎన్నికల్లో ఓటేసింది. బతికున్నన్నాళ్ళూ ఎన్నికలొస్తే ఆ ముచ్చట చెప్పేది. “రెండు కాయితాలిచ్చినారు నాయనా. గుర్తేటీ ముద్దరేటీ నేదు. నోపల పెట్టెలున్నాయి, పెట్టె మీద బొమ్మ. ఒక పెట్టిలోటి, ఇంకో పెట్టిలోటి ఎయ్యాలి. రెండూ ఒకదాన్లోనే ఏసెయ్యకు, సెల్లదు అని మీ తాత దారంతా సెప్తానే ఉన్నాడు. నాకు తెల్దేటి!” అనేది. ఆమె చెప్పింది అక్షరాలా సరైన పద్ధతే. మొదటి రెండు సాధారణ ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె. గుర్తు పెట్టె మీద ఉంటుంది, కాగితం మీద ముద్ర వేసే పని లేదు. ద్విసభ్య స్థానంలో ఒకే మనిషికి రెండు ఓట్లూ వేయకూడదు.

పోటీలో నలుగురు. జనరల్ వైపు వి.వి.గిరి, విశ్వాసరాయి నరసింహరావు. రిజర్వు వైపు బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర. లెక్కింపు అయ్యాక సత్యనారాయణకి 1,26,792 ఓట్లు. సూరిదొరకి 1,24,604. గిరి గారికి 1,24,039. నరసింహరావుకి 1,18,968. ముందు రిజర్వు సీటు నింపాలి, గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చింది సత్యనారాయణకి, ఆయన అయిపోయారు. మిగిలిన ముగ్గురిలో ఎవరికి ఎక్కువో వాళ్ళకి జనరల్ సీటు. ఎక్కువ వచ్చింది సూరిదొరకి. 565 ఓట్ల తేడాతో కేంద్ర మంత్రిగా చేసిన గిరి గారు ఓడిపోయారు. రెండు సీట్లూ గిరిజనులవే అయ్యాయి.

గిరి గారు ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ‘వి.వి.గిరి వర్సెస్ డి.సూరిదొర’ అని లా చదివేవాళ్ళకి ఇప్పటికీ పాఠం. వాదన రెండు రకాలు. ఒకటి, రిజర్వు సీటుకని పోటీ చేసినాయన్ని జనరల్ సీటులో ఎలా కూర్చోబెడతారు? రెండు, సూరిదొర అసలు ముఖదొర అనే గిరిజన తెగవాడే కాదు, కుటుంబం ఎప్పుడో క్షత్రియులమని రాయించుకుంది కదా? 1959లో మెజారిటీ జడ్జీలు రెండూ కాదన్నారు. జనరల్ సీటు అందరిదీ, అందులో గిరిజనుడికి అడ్డం ఏమీ లేదన్నారు. కాగితం మీద క్షత్రియ అని రాసుకున్నంత మాత్రాన కులం మారిపోదు, ఏ కులంలోకి చేరానంటున్నాడో ఆ కులం వాళ్ళు ఇతన్ని తమవాడని ఒప్పుకుంటేనే మారినట్టు అన్నారు.

ఈ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. పట్టుబట్టి పైకెక్కాలని చూసిన ఒక కొండ కుటుంబాన్ని పైవాళ్ళు రానివ్వలేదు. రానివ్వలేదన్న ఆ నిజమే చివరికి ఆయన సీటుని కాపాడింది. న్యాయం జరిగింది, సంతోషమే. కానీ ఆ వాక్యంలో మన సమాజం ముఖం కూడా కనబడుతుంది.

మొదటి మాట మాత్రం నాకు పండగలాంటిది. గిరి గారంటే నాకు చాలా గౌరవం, ఆయన ఓటమికి ఆనందపడేవాణ్ణి కాను. తర్వాత ఆయన గవర్నరు, ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో ఇండిపెండెంటుగా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక 4,20,077 విలువతో నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. అయినా తండ్రీకొడుకులు ఇద్దరూ కూర్చున్న ఆ పాత సీటు నేల మీద, ఏ కొండలకైతే ఓటే లేదో ఆ కొండల మనుషులిద్దరు మొదటి రెండు స్థానాల్లో నిలిచారు. జమీందారీ పోయి పదేళ్ళు కూడా కాలేదు అప్పటికి.

1961లో ద్విసభ్య స్థానాలని చట్టం చేసి తీసేశారు. పార్వతీపురం ఒక్క సభ్యుడి సీటుగా మిగిలింది. పక్కన బొబ్బిలి లోక్‌సభ సీటు కూడా కొన్నాళ్ళు నడిచింది. 2008 పునర్విభజనలో రెండూ పోయాయి. 2009 నుంచి విజయనగరం లోక్‌సభ వచ్చింది, బొబ్బిలి దాని కింద. పార్వతీపురం, పాలకొండ, కురుపాం, సాలూరు అరకు కింద. ఆ అరకు సీటు పాలకొండ నుంచి గోదావరి పక్కన రంపచోడవరం దాకా. పాలకొండలో ఒక తల్లికి ఎంపీ గారితో పనిబడితే వారెక్కడుంటారో కనుక్కోడానికే రెండు రోజులు పడుతుంది. 1920లో బ్రిటిష్‌వాళ్ళు రెండు జిల్లాలకి ఒక కుర్చీ వేశారని తిట్టుకుంటాం కదా, నేల కొలతలో ఇది దానికి మరీ దూరమేమీ కాదు. ఓటున్నవాళ్ళు మారారు, అది నిజం, అదే పెద్ద నిజం. కానీ దూరం దూరమే.

మళ్ళీ జనాభా లెక్కలు, ఆ వెనకాల పునర్విభజన అంటున్నారు. కమిషన్ ముసాయిదా వేస్తే అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగంగా కూర్చుని జనం మాట వినాలి, చట్టంలోనే ఉంది. మన దగ్గర ఎక్కడ కూర్చున్నా నేను వెళ్తాను. నేనడగబోయేది ఒకటే. కొండ మండలాలని కొండతోపాటే ఉంచండి, కానీ ఉత్తరాన ఉన్నవాళ్ళకి పార్వతీపురం కేంద్రంగా వేరే సీటు ఇవ్వండి. రంపచోడవరంతో మాకు బస్సు కూడా లేదు. మన్యం జిల్లా పిల్లలు నా క్లాసులో ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళని కూడా తీసుకెళ్తాను. గుమ్మలక్ష్మీపురం నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఇప్పటికే మండలాల వారీగా దూరాలు రాసుకుని పెట్టుకుంది.